పద్నాలుగో గడి

1958 ఏప్రిల్ 9, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ పక్కనున్న అగ్గిపుల్లల ఫ్యాక్టరీ మీద వడగండ్లు పడ్డాయి. పద్దెనిమిది నిమిషాలు పడి ఆగాయి. ఆరుబయట చాపల మీద ఎండుతున్న పుల్లలన్నీ పాడయ్యాయి. పుల్లలు ఎండబెట్టే గంగుబాయి మోచేతికి తప్ప ఎవరికీ దెబ్బ తగలలేదు.

ఫ్యాక్టరీ గుమాస్తా అబ్దుల్ జబ్బార్ ఆ పద్దెనిమిది నిమిషాలూ ఆఫీసు వాకిట్లో నిలబడి గడియారం చూశాడు. రంజాన్ నెల. రోజాలో ఉన్నాడు. వడగండ్లు ఆగగానే ఆవరణ మధ్యకు పోయి, వాన కొలిచే డబ్బా మూత తీసి కొలబద్ద ముంచాడు. నాలుగు సెంట్లు, అంటే అంగుళంలో నూరింట నాలుగు వంతులు. నోట్ బుక్కులో రాసుకున్నాడు. తెల్లగా కప్పుకుపోయిన నేల మీద అతని బూట్ల గుర్తులు అటు ఒక వరుస, ఇటు ఒక వరుస పడ్డాయి.

ఫ్యాక్టరీ నార్వే వాళ్లది. కంపెనీ పేరు హాల్వర్సన్. కేంద్ర కార్యాలయం ఓస్లోలో ఉంది. పదకొండు దేశాల్లో ఫ్యాక్టరీలున్నాయి. తిర్యాణి అడవి నుంచి బూరుగు దుంగలు బండ్ల మీద వస్తాయి. ఇక్కడ వాటిని పొరలుగా తీసి, పుల్లలుగా కోసి, ఎండబెట్టి, బస్తాలకెత్తి బొంబాయికి పంపుతారు. మందు అంటించడం, పెట్టెల్లో పెట్టడం బొంబాయిలో.

మేనేజరు కైలాసం రెండు వందల రూపాయలు దాటి ఏ ఖర్చు పెట్టాలన్నా బొంబాయిని అడగాలి. బొంబాయి వాళ్లు కొత్త గోడ కట్టాలన్నా ఓస్లోను అడగాలి. ఓస్లో వాళ్లెవరూ ఆదిలాబాద్ జిల్లాకు వచ్చింది లేదు. వాళ్లు ఈ ఫ్యాక్టరీని చూసేది ఒక్క కాగితంలో. దాని పేరు తొమ్మిదో నంబరు ఫారం. అందులో ఇరవై ఆరు గడులు. నెలకొకసారి, అయిదో తారీఖున పోవాలి. పదకొండు దేశాలకూ అదే ఫారం, అవే గడులు. పదకొండో గడిలో పుల్లలు ఎండిన రోజులు. పదమూడో గడిలో వాన వల్ల పోయిన రోజులు. పద్నాలుగో గడిలో మంచు కురిసి పోయిన రోజులు.

1949 అక్టోబరులో ఫ్యాక్టరీ తెరిచిన నాటి నుంచి ఫారం నింపింది జబ్బారే. పద్నాలుగో గడిలో నూట రెండు నెలలు సున్నా పెట్టాడు. ఖాళీగా ఏనాడూ వదల్లేదు. ఖాళీ అంటే చూడలేదని, సున్నా అంటే చూసి లేదన్నామని అతని లెక్క.

మే అయిదున ఏప్రిల్ ఫారం ముందు పెట్టుకున్నాడు. వాన గడి దగ్గర ఆగాడు. ఓస్లో నుంచి వచ్చిన సూచనల పుస్తకం తీశాడు. ఇరవై అయిదు సెంట్లు దాటితేనే వాన రోజు. డబ్బాలో పడింది నాలుగు. కింది పేరా చదివాడు. ఆకాశం నుంచి గడ్డకట్టి పడే నీరు ఏదైనా పద్నాలుగో గడిలో చూపాలి, పేజీ 31. రెండుసార్లు చదివి, పద్నాలుగో గడిలో ఒకటి వేశాడు. కైలాసం సంతకం పెట్టాడు. వేసవి చివర దుంగల బండ్లు వరుసగా వస్తున్న రోజులవి. అంకెలు చూడలేదు.

జూన్ 11న బొంబాయి నుంచి కవరు వచ్చింది. కైలాసం చదివి జబ్బార్‌ను లోపలికి పిలిచాడు. కైలాసంది పెద్దపల్లి. బియ్యం మిల్లులో పని చేసి వచ్చినవాడు. గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు పెంచాడు.

"జబ్బార్ సాబ్, ఆసిఫాబాద్‌ల మంచు పడ్డదా?"

"లే సార్. రాళ్లు పడ్డయ్."

"మరి మంచు గడిల ఒకటి ఎట్ల పెట్టినవ్?"

"గడ్డకట్టి పడ్డదేదైనా గా గడిలనే రాయమన్నరు సార్. ముప్పై ఒకటో పేజీ."

"రాళ్లవాన అంటం గదా మనం. వాన గడిల పెడితే ఏం పోయింది?"

"నాలుగు సెంట్లే పడ్డది సార్. ఇరవై అయిదు పడాలె."

కైలాసం కవరులోని కాగితాలు బల్ల మీద పరిచాడు. ఒకటి ఓస్లో తంతి నకలు. ఆసిఫాబాద్ పద్నాలుగో గడి వివరించండి, అని ఉంది. రెండోది బొంబాయి వాళ్లే టైపు చేసి పంపిన దిద్దుబాటు పత్రం. గుమాస్తా పొరపాటు వల్ల ఒకటి పడింది, సున్నాగా చదువుకోగలరు. కింద సంతకానికి చోటు వదిలారు. జూన్ ముప్పైలోగా సంతకం కావాలి. కాకపోతే గుమాస్తాను మార్చే విషయం మేనేజరు ఆలోచించాలి.

"ఒక్క సున్న. అయిపోతది. షెడ్డు సంగతి యాది లేదా నీకు?"

జబ్బార్‌కు గుర్తుంది. వానాకాలం మూడు నెలలు ఆరుబయట పుల్ల ఎండదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఫ్యాక్టరీ మూత. డెబ్బై నాలుగు మందికి పని లేదు. వాళ్లలో యాభై ఎనిమిది మంది ఆడవాళ్లు. పుల్లలు ఎండబెట్టడానికి రేకుల షెడ్డు కావాలని 1955 నుంచి మూడుసార్లు రాశారు. ఆ యేడు ఓస్లో ఒక్క షెడ్డుకు ఒప్పుకుంది. అది ఆసిఫాబాద్‌కా, సిలోన్ ఫ్యాక్టరీకా అన్నది తేలలేదు. ఎవరికి ఎక్కువ రోజులు పోతున్నాయో ఫారాలు చూసి తేలుస్తామన్నారు.

"గందుకే సార్," అన్నాడు జబ్బార్. "ఇది తప్పని మనమే రాసిస్తే, కడమ నూట రెండు నెలలు ఒప్పని ఎవరు నమ్ముతరు?"

"ఆసిఫాబాద్‌ల మంచు పడ్డదంటే నమ్ముతరా?"

జబ్బార్ పత్రం తీసుకోకుండా బయటికి వచ్చాడు.

సంతకం పెట్టకపోవడానికి అతనికి ఇంకో కారణం ఉంది. అది కైలాసానికి తెలియదు. ఈ ఉద్యోగానికి ముందు జబ్బార్ అడవి నాకాలో, దాటే బండ్లను లెక్క రాసే ముహరిర్‌గా చేశాడు. ఒకనాడు నలభై బండ్లు దాటితే పైవాడు ఇరవై అయిదు రాయమన్నాడు. రాశాడు. విచారణ వచ్చినప్పుడు రిజిస్టరులో ఉన్న దస్తూరి జబ్బార్‌ది. పైవాడికి బదిలీ అయింది. జబ్బార్‌కు ఉద్యోగం పోయింది. భార్య జమాలున్నీసాకు తప్ప ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వారం తిరక్కుండా మంచు సంగతి ఊరంతా పాకింది. కాగజ్‌నగర్ అంగట్లో బట్టల ముష్తాక్ దుకాణం మెట్టు మీది నుంచే పిలిచాడు.

"అరె మున్షీజీ! ఊలు గుడ్డ వచ్చింది. జల్ది తీస్కో, మీ తాన మంచు పడుతదట గదా!"

పక్క దుకాణాల వాళ్లు నవ్వారు. జబ్బార్ ఆగాడు.

"ఎన్ని గజాలున్నది?"

"ఎందుకు?"

"ముప్పై ఆరు అంగుళాల గజంతోని కొలుస్తా అంటే తీస్కుంట."

ముష్తాక్ గజంబద్ద కురచదని అంగడంతటికీ తెలుసు. ఈసారి నవ్వింది ముష్తాక్‌ను చూసి.

ఇంట్లో జమాలున్నీసా బియ్యం చెరుగుతూ అడిగింది.

"అజీ, నౌకరీ పోతదా?"

"పోవచ్చు."

"పోయినసారి అబద్ధం రాసి పోగొట్టుకున్నవ్. ఈసారి నిజం రాసి పోగొట్టుకుంటవా?"

"మరి ఏం చెయ్యమంటవ్?"

ఆమె చాటలోంచి రాయి ఏరి బయటికి విసిరింది. "పోయినసారి ఆరు నెలలు అన్నం తినలే నువ్వు. మెతుకులు లెక్క పెట్టినవ్. గది మల్ల చూడలేను. గంతే నా మాట."

జూన్ 27న జబ్బార్ నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాసి కైలాసానికి ఇచ్చాడు. వడగండ్లు పడ్డ తేదీ, సమయం. డబ్బాలో నీటి కొలత. సూచనల పుస్తకం పేజీ 31. ఎంట్రీ సరైనది కనుక దిద్దలేను. గుమాస్తా ఒప్పుకోని దిద్దుబాటును, అతని కాగితంతో సహా, ఓస్లో దాకా పంపాలని కంపెనీ నియమం. ఆ నియమం ఉన్న పేజీ సంఖ్య కూడా జబ్బార్ అడుగున రాశాడు.

కైలాసం చదివి నిట్టూర్చాడు. "నన్నూ ముంచుతున్నవ్ గదయ్యా," అన్నాడు. కవరులో పెట్టి పంపాడు. ఓస్లో తేల్చేదాకా గుమాస్తాను మార్చే మాట ఆగింది.

ఆగస్టు 22న స్టేషనుకు ఒక చెక్కపెట్టె వచ్చింది. ఓస్లో గోదాము నుంచి. లోపల రెండు చెక్క పారలు. ఒక్కొక్కటి రెండడుగుల వెడల్పు. ఎవరూ అడగలేదు. పద్నాలుగో గడిలో అంకె పడిన ఫ్యాక్టరీకి మంచు ఎత్తే పారలు పంపాలని గోదాముకు నియమం ఉంది. యాభై మందికి ఒకటి చొప్పున లెక్కగట్టి పంపారు.

అక్టోబరులో పని మొదలైనప్పుడు గంగుబాయి వాటిని చూసింది. ఎండబెట్టే ఆవరణకు ఆమె పెద్ద. ఇదే జిల్లా తాండూరు పక్క పల్లె ఆమెది. పుట్టిల్లు మరాఠీ సీమలోని వణీ. మాటలో మరాఠీ దొర్లుతుంది.

"కాయ్ బాబా ఇవి? రొట్టె పెనాలకు కర్రలు పెట్టిండ్రా?"

"మంచు ఎత్తే పారలు," అన్నాడు జబ్బార్.

"మంచు లే గానీ పుల్ల ఉన్నది గదా." ఒకటి అందుకుని చాప మీది పుల్లల కింద దూర్చి తిరగేసింది. రెండో పార ఇంకొకామె అందుకుంది. చేతులతో నలుగురు తిప్పే చాప ఇద్దరితో తిరిగింది. "మున్షీ సాబ్, ఇంకో నాలుగు రోజులు మంచు రాయరాదు? ఇంకో నాలుగు పారలు వస్తయ్."

ఆవరణలో ఆడవాళ్లందరూ పని ఆపి నవ్వారు. జబ్బార్ కూడా నవ్వాడు. జూన్ తర్వాత అతను నవ్వడం అదే మొదలు.

ఓస్లో తనిఖీ అధికారి నవంబరు 3, సోమవారం దిగాడు. పేరు హోల్ట్. సిలోన్ చూసి వస్తున్నాడు. చేతిలో తోలు పెట్టె, దాని నిండా ఆసిఫాబాద్ ఫారాల నకళ్లు. కైలాసం పూలదండ తెప్పించాడు. హోల్ట్ దండ మెడలో వేయించుకుని, తీసి కుర్చీకి తగిలించి, కూర్చోకుండానే అడిగాడు. కైలాసం ఒకరి మాట ఒకరికి చెప్పాడు.

"పదకొండో గడిలో అంకె మీకు ఎక్కడ నుంచి వస్తుంది?"

"రోజు రిజిస్టరు నుంచి," అన్నాడు జబ్బార్.

"రిజిస్టరులోకి ఎక్కడ నుంచి వస్తుంది?"

"గంగుబాయి తాడు నుంచి."

కైలాసం తర్జుమా చేయలేదు. జబ్బార్ వైపు చూశాడు. "తాడు సంగతి ఎందుకయ్యా ఇప్పుడు?" అన్నాడు మెల్లగా. జబ్బార్ తనకు వచ్చిన ఇంగ్లీషులో తనే చెప్పాడు.

ఆవరణ చివర సామాన్ల కొట్టులో దూలానికి మేకులు కొట్టి ఉన్నాయి. మేకుకొక జనపతాడు. మొత్తం ఎనభై రెండు. గంగుబాయికి చదువు రాదు. ఫ్యాక్టరీ తెరిచిన రోజు నుంచి పని నడిచిన నెలకొక తాడు కట్టింది. పుల్ల ఎండిన రోజుకు ఒక ముడి. వాన వల్ల ఎండని రోజుకు ఒక నల్లగుడ్డ పేలిక. సెలవు రోజుకు ఏమీ లేదు. నెల చివర జబ్బార్ వచ్చి, తాడు చేత్తో తడిమి, రిజిస్టరుతో కలుపుకుని ఫారం రాస్తాడు.

హోల్ట్ తల ఎత్తి దూలం పొడుగునా చూశాడు. కోటు విప్పాడు. పెట్టెలోంచి ఫారం ఒకటి లాగాడు.

"1951 ఫిబ్రవరి."

గంగుబాయి వేళ్ల మీద యేళ్లు లెక్కపెట్టి, స్టూలెక్కి తాడు దింపింది. హోల్ట్ ముడులు లెక్కపెట్టాడు. ఇరవై మూడు. పేలిక ఒకటి. ఫారంలో ఇరవై మూడు, ఒకటి.

1953 జూన్. సరిపోయింది. 1956 మార్చి. సరిపోయింది. కైలాసం చెమట తుడుచుకున్న రుమాలు జేబులో పెట్టుకున్నాడు.

"1954 డిసెంబరు."

తాడుకు ముడులు ఇరవై నాలుగు, పేలికలు రెండు. హోల్ట్ మళ్లీ లెక్కపెట్టాడు. ఫారంలో ఎండిన రోజులు ఇరవై అయిదు, వాన ఒకటి. కాగితం జబ్బార్ ముందు పెట్టాడు. పారతో పుల్లలు తిప్పుతున్న చప్పుడు బయట నుంచి వినిపించింది.

"ముసల్ది ఒక పేలిక ఎక్కువ కట్టి ఉంటది," అన్నాడు కైలాసం తెలుగులో, తొందరగా. "చెప్పు జబ్బార్ సాబ్, తాడు తప్పని చెప్పు."

"ఎవర్రా ముసల్ది?" అంది గంగుబాయి.

జబ్బార్ ఆఫీసుకు పోయి 1954 రిజిస్టరు తెచ్చాడు. డిసెంబరు పేజీ తీశాడు. పద్నాలుగో తారీఖు దగ్గర వేలు ఆనించాడు. ఆ వారం అతని బిడ్డకు జ్వరం. నాలుగు రోజులు సెలవు పెట్టాడు. వచ్చాక ఆ నాలుగు రోజులూ ఒకేసారి రాశాడు. నెల చివర తాడు చూడలేదు. వాన కొలిచిన నోట్ బుక్కులో ఆ తేదీకి అరవై సెంట్లు ఉంది, అప్పటి కాపలాదారు కొలిచింది.

"తాడు సరైనది," అన్నాడు ఇంగ్లీషులో. "తప్పు నాది."

అక్కడే, సామాన్ల పెట్టె మీద కాగితం పెట్టుకుని దిద్దుబాటు పత్రం రాశాడు. 1954 డిసెంబరు, పదకొండో గడి ఇరవై నాలుగు, పదమూడో గడి రెండు. కారణం, గుమాస్తా పొరపాటు. సంతకం పెట్టి హోల్ట్ చేతికి ఇచ్చాడు. పత్రం రాయడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

హోల్ట్ దాన్ని చదివాడు. తర్వాత పెట్టెలోంచి జూన్‌లో జబ్బార్ సంతకం పెట్టని పత్రం తీశాడు. రెండూ పక్కపక్కన పట్టుకుని చూశాడు.

"ఇది నాలుగు నిమిషాల్లో రాశారు. దీనికి నాలుగు నెలలుగా ఒప్పుకోలేదు."

"ఇది తప్పు," అన్నాడు జబ్బార్ డిసెంబరు పత్రం చూపిస్తూ. "అది తప్పు కాదు."

"1958 ఏప్రిల్ తాడు ఇవ్వండి," అన్నాడు హోల్ట్.

గంగుబాయి దింపింది. ముడులు ఇరవై నాలుగు. నల్ల పేలిక లేదు. ఏడో ముడి తర్వాత, ఎనిమిదో ముడి ఉండాల్సిన చోట, తెల్లగుడ్డ మూట ఒకటి కట్టి ఉంది, రేగుపండంత. హోల్ట్ దాన్ని వేళ్ల మధ్య నొక్కి చూశాడు. లోపల గులకరాయి.

"ఇదేమిటి?"

"రాళ్లు పడ్డ దినం," అంది గంగుబాయి. కైలాసం ఈసారి ప్రతి మాటా తర్జుమా చేశాడు. "ముడి ఎయ్యరాదు, పుల్ల ఎండలే. నల్లగుడ్డ కట్టరాదు, వాన పడలే. ఇగ ఏం కట్టాలె? రాయి కట్టిన. ఇగో, ఇది సుత చూడు." రవిక చేయి పైకి జరిపి మోచేతి మీద మచ్చ చూపింది. "మీ కాగితంల దీనికి జాగ లేదట గదా. మా మున్షీ సాబ్ ఆర్నెల్ల సంది నిద్ర పోతలేడు. గింత తాడుల జాగ దొరికింది, గంత పెద్ద కాగితంల దొరకలేదా?"

కైలాసం చివరి వాక్యం దగ్గర ఆగాడు. హోల్ట్ అతని వైపే చూస్తున్నాడు. కైలాసం గొంతు సవరించుకుని అది కూడా చెప్పాడు, ఒక్క మాట తగ్గించకుండా.

హోల్ట్ నోట్ బుక్కులో చాలాసేపు రాసుకున్నాడు. తర్వాత ఆ తాడు ఓస్లోకు తీసుకుపోతానన్నాడు.

"తీస్కపోతడట," అన్నాడు కైలాసం.

"మల్ల తెస్తడా?" అంది గంగుబాయి.

"గేటు పాస్ కావాలె సార్," అన్నాడు జబ్బార్. "ఏ వస్తువు బయటికి పోయినా పాస్ ఉండాలె. కంపెనీ రూలు."

హోల్ట్ పాస్ మీద సంతకం పెట్టాడు. వస్తువు, జనపతాడు. సంఖ్య, ఒకటి. తిరిగి వచ్చేది. గేటు దగ్గర కాపలా హనుమండ్లు దొర సంతకాన్ని వెలుగుకు పెట్టి చూసి, పాస్ చింపి సగం తన దగ్గర ఉంచుకున్నాడు. కంపెనీ దొరను గేటు దగ్గర ఆపిన ఘనత తనదేనని తర్వాత చానా రోజులు చెప్పుకున్నాడు.

దొర బండి కనుమరుగయ్యాక కైలాసం జబ్బార్ పక్కన నిలబడ్డాడు.

"మల్ల ఎన్నడన్న దిద్దుమంటే..."

"తప్పైతే దిద్దుత సార్."

"గదే. నేనూ గదే చెప్తున్న," అన్నాడు కైలాసం.

1959 ఫిబ్రవరి 18న ఓస్లో నుంచి రిజిస్టరు పోస్టు వచ్చింది. అందులో తాడు, ఒక లేఖ ఉన్నాయి. 1954 డిసెంబరు దిద్దుబాటు అందింది. 1958 ఏప్రిల్ పద్నాలుగో గడి యథాతథంగా ఉంటుంది. ఎండబెట్టే షెడ్డు ఆసిఫాబాద్‌కు మంజూరైంది. గంగుబాయి తాడును ముడి ముడి తడిమి చూసి దాని మేకుకు తగిలించింది. హనుమండ్లు తన దగ్గరున్న పాసు సగం తెచ్చి జబ్బార్‌కు అప్పగించాడు.

1960 జనవరి నుంచి తొమ్మిదో నంబరు ఫారం కొత్త అచ్చులో వచ్చింది. ఇరవై ఏడు గడులు. పద్నాలుగు కింద పద్నాలుగు-ఎ చేరింది, వడగండ్ల వల్ల పోయిన రోజులు. పదకొండు దేశాలకూ అదే ఫారం వెళ్లింది. షెడ్డు జూన్ 4న పూర్తయింది. ఆ జూలైలో ఫ్యాక్టరీ మూయలేదు. డెబ్బై నాలుగు మంది పనిలో ఉన్నారు.

1961 మార్చి 23, గురువారం, సాయంత్రం నాలుగు గంటలకు ఫ్యాక్టరీ మీద వడగండ్లు పడ్డాయి. పదకొండు నిమిషాలు. రేకుల చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినిపించలేదు. పుల్లలు తడవలేదు. పని ఆగలేదు. ఏప్రిల్ అయిదున జబ్బార్ మార్చి ఫారం నింపాడు. పద్నాలుగో గడిలో సున్నా పెట్టాడు. పద్నాలుగు-ఎ లో సున్నా పెట్టాడు. పనిముట్ల గడిలో మంచు పారలు రెండు, రెండూ వాడుకలో ఉన్నవి అని రాశాడు. మార్చి 23కు గంగుబాయి తాడుకు మామూలు ముడి ఉంది.